నెలకు మూడు వందల రూపాయలు

(మాన్కోలిలో తెలుగు కుటుంబముల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



చేతిలోనున్న చిన్న సొమ్మును ఎక్కడ పెట్టిన భద్రముగా పెరుగునో చెప్పవలసినదని సంఘము వారు మమ్ము కోరిరి. పెట్టుబడి యనగానే అది సేట్లకు, షావుకార్లకు సంబంధించిన ముచ్చటయనియు, సాంచాల నడుమ పన్నెండు గంటలు నిలువుకాళ్ళపై నుండు మనకు దానితో పని లేదనియు మనలో పలువురు తలంచుచున్నారు. మా అభిప్రాయము దీనికి విరుద్ధము. లక్షాధికారి పదివేలు పోగొట్టుకొన్నను ఆతని యింట పొయ్యి మండుచునే యుండును. మన యింట ఆ పదివేలే పిల్లవాని కళాశాల రుసుము, అమ్మాయి పెండ్లి బట్టలు, తల్లి కంటి వైద్యము. కావున సొమ్ము చిన్నదైన కొలది దానిని గూర్చిన ఆలోచన పెద్దదిగా నుండవలెను.

మన పెద్దలు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము జిల్లాల నుండి మగ్గమును నమ్ముకొని షోలాపురమునకు, బొంబాయికి, భివండీకి వచ్చిరి. తరములు గడచినవి. పద్మనగరులోను, కామత్‌ఘర్‌లోను మన ఇండ్లు నిలిచినవి. ఈ మాన్కోలి వైపు పొలములు గోదాములైనవి. మన పిల్లలలో కొందరు సాంచాలు విడిచి ఆ గోదాములలో కొలువులు చేయుచున్నారు. ఇంత మారినను, పెక్కు కుటుంబములలో ఒక్కటి మారలేదు. పగారు చేతికి రాకముందే దానిలో కొంత భాగము ఇతరుల సొత్తైయున్నది. సేటు వద్ద బాకీ, కిరాణా దుకాణములో ఖాతా, వడ్డీవ్యాపారి వద్ద పత్రము - ఇవి తీరిన పిదప మిగిలినదే మన కూలి.

పని నడచినన్నాళ్ళు ఈ బరువు తెలియదు. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయినపుడు నగదు లేక సాంచాలు నిలిచినవి. 2020 మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ విధింపబడినపుడు మరల నిలిచినవి. ఆ దినములలో ఒక నెల గ్రాసమునకు సరిపడు సొమ్ము ఇంట నున్నవారు ఒక విధముగా, లేనివారు వేరొక విధముగా బ్రతికిరి. పెట్టుబడిని గూర్చి మనము ఆలోచించునపుడు ఆ దినములనే కొలతగా పెట్టుకొనవలెను.

ఇక ఒక లెక్కను మీ ముందుంచెదము.

ఒక కుటుంబము వడ్డీవ్యాపారి వద్ద 10,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినదనుకొందము. నూటికి మూడు అన్నప్పుడు చిన్నదిగా వినిపించును. కాని అది నెల వడ్డీ. ఏడాదికి నూటికి 36 అగును. ఆ కుటుంబము నెల నెల 300 రూపాయల వడ్డీ తప్పక చెల్లించుచు, అసలును ముట్టకయున్నచో, అయిదేండ్లలో 18,000 రూపాయలు ఇచ్చుకొనును. పదివేల బాకీ మాత్రము మొదటి దినమున ఉన్నట్లే యుండును.

అదే 300 రూపాయలను పోస్టాఫీసు రికరింగు డిపాజిట్టులో నెల నెల వేసినచో, 60 నెలలలో మనము కట్టునది 18,000. చేతికి వచ్చునది సుమారు 21,400. నూటికి 6.7 వడ్డీ చొప్పున వేసిన లెక్క యిది. ఈ రేటు 2023 అక్టోబరులో అమలులోనికి వచ్చినది. ప్రభుత్వము మూడు నెలలకొకసారి రేట్లను సమీక్షించును. కావున ఖాతా తెరచు దినమున అడిగి తెలిసికొనుడు.

ఈ రెండు లెక్కలు వినినవారు వెంటనే ఖాతా తెరువబోవుదురు. తొందరపడవలదు. అప్పు గల కుటుంబము వడ్డీకి 300, దానితోపాటు రోజుకు పది రూపాయల చొప్పున మిగిల్చిన మరియొక 300, వెరసి నెలకు 600 రూపాయలు తీయగలదనుకొందము. దాని ముందు రెండు దారులున్నవి. మొదటి దారిలో 300 వడ్డీకి, 300 పోస్టాఫీసుకు పోవును. అయిదేండ్ల చివర పోస్టాఫీసునుండి 21,400 వచ్చును; అందులో పదివేలు అప్పునకు చెల్లింపగా మిగులునది 11,400. రెండవ దారిలో 600 రూపాయలును అప్పునకే చెల్లింతురు. వడ్డీ పోగా మిగిలినది నెల నెల అసలులో జమయగుచుండును. అసలు తగ్గిన కొలది వడ్డీయు తగ్గును. ఇరువది నాలుగు నెలలు నిండునప్పటికి అప్పు తీరిపోవును. మిగిలిన 36 నెలలు ఆ 600 దాచినచో, వడ్డీ లేకున్నను 21,600 రూపాయలగును.

ఉన్నది అవే అరువది నెలలు, అవే ఆరు వందలు. ఫలితములో పదివేల భేదము. నూటికి 36 వడ్డీ గల అప్పును తీర్చుటకంటె ఎక్కువ రాబడి నిచ్చు పెట్టుబడిని ఏ బ్యాంకియు, ఏ కంపెనీయు మనకు చూపజాలదు. మేము ఈ దినమున చెప్పదలచిన ముఖ్యమైన మాట యిదియే. చిన్న కుటుంబమునకు మొదటి పెట్టుబడి, హెచ్చు వడ్డీ అప్పును తీర్చుట. అయితే చెల్లించిన ప్రతి అదనపు రూపాయిని అసలులో జమ వ్రాయించుకొనవలెను. వ్యాపారి అంగీకారమును ముందుగా తీసికొని, ప్రతిసారి చీటిపై సంతకము చేయించుకొనవలెను. నోటిమాటపై చెల్లించినది వడ్డీలోనే కలిసిపోవు ప్రమాదమున్నది.

దీనికి ఒక్క సవరణ కలదు. ఉన్నదంతయు అప్పునకే కట్టి, ఇంట చిల్లిగవ్వ లేకుండ కూర్చున్నచో, పిల్లవానికి జ్వరము వచ్చిన రాత్రియే మరియొక అప్పు పుట్టును. కావున మొట్టమొదట ఒక వారము కూలికి సమానమైన సొమ్మును బ్యాంకి సేవింగ్సు ఖాతాలో వేరుగా నుంచుకొని, పిమ్మట అప్పుపై పడవలెను. అప్పు తీరిన పిదప ఆ నిలువను ఒక నెల ఖర్చునకు, వీలైనచో మూడు నెలల ఖర్చునకు పెంచవలెను. పడుగు సరిగా పరవనిదే పేక ఎంత మంచిదైనను గుడ్డ నిలువదని మనకు వేరే చెప్పనక్కరలేదు. ఈ నిలువయే సంసారమునకు పడుగు.

ఇట్టి ఆలోచన మనకు క్రొత్తది కాదు. 1844లో ఇంగ్లాండునందలి రాచ్‌డేల్ పట్టణములో ఫ్లానెల్ నేతగాండ్రును, ఇతర చేతిపనులవారును కలిసి ఇరువది యెనిమిది మంది, వారమునకు రెండు మూడు పెన్నీల వంతున కూడబెట్టి, 28 పౌనుల మూలధనముతో ఒక చిన్న దుకాణము తెరచిరి. వెన్న, చక్కెర, గోధుమపిండి వంటి నిత్యావసరములే అందలి సరకు. వారు పెట్టుకొన్న నియమములలో ఒకటి గమనింపదగినది: అరువు ఇవ్వరాదు, అరువు తీసికొనరాదు. దుకాణదారుని ఖాతా నుండి విముక్తులగుటయే వారి మొదటి లాభము. ప్రపంచమంతటి సహకారోద్యమము ఆ దుకాణమును తన మూలముగా చెప్పుకొనుచున్నది.

మన దేశములోనే చూడుడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణములపై పోరాడిరి. ఆ ఉద్యమము వెన్నంటి ఆ జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’ సంఘములు వెలసినవి. రోజుకు ఒక్క రూపాయి, నెలకు ముప్పది - అదియే వారి చందా. సారాకు పోవు రూపాయి ఇంట నిలిచినప్పుడు ఏమగునో ఆ తల్లులు లోకమునకు చూపిరి.

ఇక అప్పు తీరినది, కొంత నిలువయు చేరినది అనుకొందము. తరువాతి మెట్లు ఏవి?

మొదటిది, సంపాదించువాని ప్రాణమునకు రక్ష. 2015లో ప్రారంభమైన రెండు ప్రభుత్వ బీమా పథకములు బ్యాంకి ఖాతా ద్వారా లభించును. జీవనజ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు; 18 మొదలు 50 ఏండ్ల వయస్సువారు చేరవచ్చును; ఏ కారణముచే మరణించినను కుటుంబమునకు రెండు లక్షలు. సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. 70 ఏండ్ల వరకు చేరవచ్చును. ప్రమాద మరణమునకు రెండు లక్షలు. రెండును కలిపి 456, అనగా రోజుకు రూపాయి పావలా. ఈ సొమ్మును బ్యాంకివారు మే నెలాఖరున ఖాతా నుండి తీసికొందురు. ఆనాడు ఖాతాలో సొమ్ము లేనిచో రక్షయు లేదు. ఆ తేదీని క్యాలెండరుపై గుర్తుపెట్టుడు.

రెండవది, ముందే చెప్పిన రికరింగు డిపాజిట్టు. నెలకు నూరు రూపాయలతో ఆరంభింపవచ్చును. వాయిదా తప్పినచో నూటికి ఒక రూపాయి వంతున రుసుము పడును. వరుసగ తప్పినచో ఖాతా నిలిచిపోవును. కావున మాలు బాగుగ పోవు నెలలో ఎంత కట్టగలమో చూచి కాదు, దీపావళి సెలవుల పిదప సాంచాలు మందముగ నడచు నెలలో ఎంత కట్టగలమో చూచి మొత్తమును నిర్ణయించుకొనవలెను. అయిదు వందలతో మొదలిడి ఆరవ నెలలో మానుటకంటె, రెండు వందలతో మొదలిడి అరువది నెలలు నిలుచుట మేలు. మహిళా ఏజెంట్లు ఇంటికి వచ్చి వాయిదాలు వసూలు చేయుదురు, అది సౌకర్యమే. అయినను పాసుబుక్కులో ప్రతి వాయిదాయు ఎక్కినదా లేదా యని ఇంటివారే చూచుకొనవలెను.

మూడవది, ఆడపిల్లలు, ముసలితనము. పదేండ్లలోపు ఆడపిల్ల గల తల్లిదండ్రులు సుకన్యా సమృద్ధి ఖాతాను ఏడాదికి 250 రూపాయల కనీస జమతో తెరువవచ్చును. పదునైదేండ్లు కట్టవలెను, ఖాతా తెరచిన ఇరువది యొక్క ఏండ్లకు సొమ్ము చేతికి వచ్చును, పిల్లకు పదునెనిమిదేండ్లు నిండిన పిదప చదువునకై సగము వరకు తీయవచ్చును. 2024 జనవరిలో దీనికి నూటికి 8.2 వడ్డీ అమలులోనికి వచ్చినది. వృద్ధాప్యమునకు అటల్ పెన్షను యోజన కలదు. ఆదాయపు పన్ను చెల్లింపని, 18 మొదలు 40 ఏండ్ల వయస్సువారు చేరవచ్చును. అరువది యేండ్ల పిదప నెలకు వేయి రూపాయల పెన్షను కోరువారు 18వ ఏట చేరినచో నెలకు 42 రూపాయలు, 30వ ఏట చేరినచో 116, 39వ ఏట చేరినచో 264 కట్టవలెను. ఆలస్యము విలువ ఎంతయో ఈ మూడు అంకెలే చెప్పుచున్నవి.

గోదాములలో పనిచేయు యువకులకు ఒక మాట. మీ జీతపు చీటిలో ప్రావిడెంటు ఫండు కోత ఉన్నదో లేదో చూడుడు. ఉన్నచో మీకొక ఖాతా సంఖ్య యుండును. ఉద్యోగము మారినను ఆ సంఖ్య మారదు. పని మారినప్పుడెల్ల ఆ సొమ్ము తీసి సెల్‌ఫోను కొనుట, పచ్చికాయను కోసికొని తినుటవంటిది.

ఇప్పుడు చీటీల మాట. మనము చీటీ యనునది మరాఠీ వారికి భిశీ. పదిమంది నమ్మకస్థులు నెల నెల కొంత వేసికొని, ఒక్కొక్క నెల ఒక్కొక్కరు ఎత్తుకొనుట పాత పద్ధతి. దానిలో మంచియు కలదు. నలుగురి యెదుట మాట పడరాదను పట్టుదలచే సొమ్ము నిలుచును. కాని చీటీ పాట పాడి ముందుగ ఎత్తుకొన్నవాడు అప్పు తీసికొన్నవాడే. ఎంత తగ్గించి పాడినాడో అదియే ఆతని వడ్డీ. పెద్ద చీటీలకు 1982 నాటి చిట్‌ఫండు చట్టము కలదు. రిజిస్ట్రారు అనుమతి, నిర్వాహకుని పూచీ సొమ్ము, నూటికి ఏడుకు మించని కమీషను - ఇవి చట్టపు నియమములు. అనుమతి పత్రము చూపుమని అడుగుటకు మొగమాటపడరాదు. అడిగినందుకు కోపించువాని వద్ద చీటీ వేయనే రాదు.

బ్యాంకిలో నున్నదంతయు సమానముగ భద్రమనుకొనుటయు పొరపాటే. 2019 సెప్టెంబరులో పంజాబు మహారాష్ట్ర సహకార బ్యాంకిపై రిజర్వు బ్యాంకి ఆంక్షలు విధించినపుడు, మొదట ఖాతాదారులు వేయి రూపాయలకు మించి తీసికొనలేకపోయిరి. 2022 జనవరిలో ఆ బ్యాంకి వేరొక బ్యాంకిలో విలీనమయ్యెను. 2020 ఫిబ్రవరి 4 నుండి ఒక బ్యాంకిలో ఒక మనిషికి గల డిపాజిట్లకు అయిదు లక్షల వరకు బీమా కలదు. ఇది సహకార బ్యాంకులకును వర్తించును. కాని వీధి వీధిన కనిపించు పతపేఢీలకు, అనగా పరపతి సంఘములకు, ఈ బీమా లేదు. బోర్డుపై సహకార శబ్దము చూచి రెండును ఒకటేయని భ్రమపడరాదు. సహకారమును నిందించుట మా ఉద్దేశము కాదు. నాటి కరీంనగరము జిల్లా ములుకనూరులో 1956లో విశ్వనాథరెడ్డి గారు స్థాపించిన సహకార గ్రామీణ బ్యాంకి నేటికిని నిలిచియున్నది. సభ్యులు లెక్కలు అడుగుచోట సంఘము నిలుచును, అడుగనిచోట కూలును.

హెచ్చు రాబడి ఆశపెట్టువారిని గూర్చి మరింత జాగ్రత్త వలెను. విజయవాడ కేంద్రముగా నడచిన అగ్రిగోల్డు సంస్థ లక్షలాది సామాన్యులనుండి ఆరువేల కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసి చెల్లింపులు నిలిపివేసినది. చిన్న డిపాజిటుదార్లకు 2019లోను, 2021లోను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఖజానా నుండి కొంత చెల్లింపవలసివచ్చినది. అందు సొమ్ము పెట్టినవారిలో అనేకులు మనవంటివారే; తెలిసిన ఏజెంటు, బంధువు మాట నమ్మి పెట్టినవారు. నేడు ఆ ఏజెంటు స్థానములో వాట్సాపు గుంపులు వచ్చినవి. నెలకు నూటికి అయిదు లాభము తప్పక యిత్తునని చెప్పువానిని ఒక్క ప్రశ్న అడుగుడు: అంత లాభము నిశ్చయమైనచో బ్యాంకిలో తక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకొనక, మా కూలి డబ్బు కొరకు ఏల వచ్చితివి?

షేర్లు, మ్యూచువల్ ఫండ్లు మనకు పనికిరావా యని యువకులు అడుగుచున్నారు. పనికివచ్చును, కాని చివరి మెట్టుగా. సెబీ వద్ద నమోదైన ఫండ్లలో నెలకు 500 రూపాయలతో, కొన్నింటిలో 100తో కూడ చేరవచ్చును. దీర్ఘకాలములో ధరల పెరుగుదలను మించు అవకాశము వానిలో ఎక్కువ. అయితే 2020 జనవరిలో 42,000 దాటిన సెన్సెక్సు, మార్చిలో 26,000 దిగువకు పడినది. నవంబరులో మరల 42,000 దాటినది. ఓపికపట్టినవారికి నష్టము లేదు. కాని గమనింపుడు: సెన్సెక్సు పడిన నెలయు, మన సాంచాలు నిలిచిన నెలయు ఒక్కటే. ఇంట నిలువ లేనివాడు సరిగా అప్పుడే, ఆ ధరకే అమ్ముకొనవలసివచ్చును. కావున ఏడెనిమిదేండ్లు ముట్టనక్కరలేని సొమ్మును మాత్రమే అటు పంపవలెను.

బంగారము మన స్త్రీలకు ప్రియమైన నిలువ. ఆపదలో ఆదుకొన్నదియు అదియే. కాని నగ కొనునపుడు తరుగు, మజూరీ పేర ఇచ్చినది అమ్మునపుడు తిరిగి రాదు. నగ ధరించుటకు, నిలువకు వేరు దారి చూచుకొనుడు.

కడపట, పరభాషా ప్రాంతములో నున్న మనకు ప్రత్యేకముగ వచ్చు చిక్కు ఒకటి కలదు. మన ఇంటిపేరు ముందు వచ్చును. ఇచటి పద్ధతిలో తన పేరు, తండ్రి లేక భర్త పేరు, పిదప ఇంటిపేరు వచ్చును. అందుచే ఒకే మనిషి పేరు ఆధారులో ఒక రీతిగ, పాను కార్డులో ఒక రీతిగ, పాసుబుక్కులో మరియొక రీతిగ పడుచున్నది. బ్రతికియున్నప్పుడు ఇది చిన్న తప్పు. మనిషి పోయిన పిదప భార్య బీమా సొమ్మునకో, డిపాజిట్టునకో వెళ్ళినపుడు ఇదియే పెద్ద గోడ యగును. అన్ని కాగితములలో పేరును ఒకే విధముగ దిద్దించుకొనుడు. ప్రతి ఖాతాకును నామినీని వ్రాయించుడు. ఏ ఖాతా ఎక్కడ నున్నదో ఇంటి ఇల్లాలికి తెలియజెప్పుడు. భర్త ఫోనులో మాత్రమే దాగియున్న సొమ్ము, అవసరమునకు కుటుంబమునకు అందదు. మరాఠీ, హిందీ ఫారములు చదువుట కష్టమైన పెద్దలకు మన చదువుకొన్న పిల్లలు నెలకొక ఆదివారము కూర్చుండి పూర్తిచేసి పెట్టినచో, సంఘము చేయదగిన సేవలలో అది మొదటిది కాగలదు.

సోదరీ సోదరులారా! ఈ రాత్రి ఇంటికి వెళ్ళి ఒక కాగితముపై మీ అప్పులన్నియు వ్రాయుడు. ప్రతి అప్పునకు ఎదుట నెలకు ఎంత వడ్డీ పోవుచున్నదో వ్రాయుడు. అన్నిటికంటె హెచ్చు వడ్డీ గలదానిని పైన పెట్టుడు. వచ్చు పగారునుండి రోజుకు పది రూపాయల చొప్పున ముందుగా తీసి, పైన చెప్పిన వారము కూలి నిలువ చేరగానే, ఆ మొదటి వరుసపై ఖర్చు చేయుడు. ఆ వరుస కొట్టివేసిన దినమున మీరు పెట్టుబడిదారులైనట్లే.